నీళ్ళు వచ్చిన గోడ

మొన్న నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు పోయినప్పుడు, పిల్లల మనసు చూసే డాక్టరమ్మ నన్నొక మాట అడిగింది. నా మనవరాలు ఆమె పక్కనే బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

"ఇంట్లో కష్టమొస్తే మీ పెద్దవాళ్ళు ఏం చేస్తారమ్మా? ఎవరు అరుస్తారు, ఎవరు ఏడుస్తారు, ఎవరు మాట్లాడకుండా కూర్చుంటారు?"

నేను మందు రాసిస్తుందనుకుని పోయాను. "మేమందరం ఊకుంటం మేడం. మా ఇంట్ల లొల్లి లేదు, ఏం లేదు" అన్నాను. అదేదో మంచి సంగతి చెబుతున్నట్టే చెప్పాను. ఆమె నవ్వలేదు, తప్పూ పట్టలేదు. "ఇంటికి పోయి నిదానంగా ఆలోచించుకోండి. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదురు గాని" అంది.

మనవరాలికి వచ్చిన బాధ ఏమిటంటే, చెవి వెనక జుట్టు పీక్కుంటోంది. ఒక్కొక్క వెంట్రుకే, ఎవరూ చూడనప్పుడు. బళ్ళో పంతులమ్మ పేరు పిలిస్తే పలకడం కూడా మానేసింది. దాని తండ్రి, అంటే నా కొడుకు, ఆటో తోలుతాడు. తెలకపల్లి రోడ్డు మీద ఆటో బోల్తా పడి కాలు విరిగింది. కాలులో రాడ్డు వేసి పంపించారు. అప్పటి నుంచి వాడు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునే ఉంటాడు. కోడలు కుట్టుమిషను ముందు నుంచి లేవదు. పిల్ల ఏమడిగినా ఆమెది ఒకటే మాట. "ఏం లేదు, పోయి సదువుకో."

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే రాసేది ఆ కోడలే. పై మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "రాయి" అన్నాను. రాసింది.

"అత్తమ్మా, జర మెల్లగ చెప్పు" అంటుంది. "నువ్వు పుస్తకాలల్ల ఉన్నట్టు దిద్దుకో, గాని లేనిది కలపకు" అన్నాను. మెల్లగా మాత్రం చెప్పను. గట్టిగానే చెబుతాను. మాది ఒక్కటే గది. వినవలసిన వాళ్ళకు వినబడాలి.

ఆలోచించుకోమంటే ఆలోచించాను. ఆలోచిస్తే నేను పుట్టిన గద్వాల గుర్తొచ్చింది.

మాది అక్కడ మగ్గాల వాడ. ఇంట్లోకి అడుగు పెట్టగానే మొదటి అర్రలో మగ్గం, మగ్గం కింద గుంత. మా నాయిన ఆ గుంతలో కాళ్ళు దించి కూర్చుని నేసేవాడు. నడుము నుంచి పైకే మనిషి కనిపించేవాడు. బాగా చిన్నప్పుడు, ఆయన కాళ్ళు ఎప్పుడూ చీకట్లోనే ఉంటాయని అనుకునేదాన్ని.

పొద్దున కళ్ళు తెరిస్తే రెండు చప్పుళ్ళు వినిపించేవి. లోపల అమ్మ జొన్నరొట్టె తడుతున్న చప్పుడు, ముందు అర్రలో మగ్గం చప్పుడు. ఒకదాని కోసం ఒకటి ఆగుతున్నట్టు ఉండేవి. రొట్టె చప్పుడు ఆగితే తినడానికి పిలుస్తారని అర్థం. మగ్గం చప్పుడు ఆగితే పోగు తెగిందని అర్థం. పోగు అతికాక మళ్ళీ మొదలయ్యేది. అంతకు మించి నాకు లోకం తెలియదు.

పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, పెట్టే గంజి పులిసిన వాసన వాడంతా ఉండేది. బయటి వాళ్ళు వస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు అది తిండి వాసన. తడిసిన పట్టుది వేరే వాసన, వానలో నిలబడ్డ గొర్రెకు వచ్చే వాసన లాంటిది. ఇక నేత పూర్తయి చీరను మగ్గం మీద నుంచి కోసిన రోజున ఇంట్లో ఉగ్గాని చేసేవాళ్ళు. బొరుగులు నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పుట్నాల పొడి వేసి కలిపేది అమ్మ. పక్కన మిరపకాయ బజ్జీలు. ఆ పోపు వాసన వాడ చివర ఉండగానే నాకు తగిలేది. ఆడుతున్న ఆట అక్కడే వదిలేసి ఉరికేదాన్ని.

మా అవ్వ, నాయిన తల్లి, రాయచూరు దిక్కు నుంచి వచ్చిన మనిషి. సగం మాటలు కన్నడంలో ఉండేవి. కూరలో ఉప్పు ఎక్కువైనా, వాన ఎక్కువైనా, నేను ఎక్కువగా వాగినా ఆమె అనేది ఒక్కటే, "సాకు, సాకు". చాలు అని.

ఒక మధ్యాహ్నం ఆమె గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే, తపేలాలో మిగిలిన గంజి తెచ్చి ఆమె కొంగుకు పూశాను. ఎండకు ఆరి అట్ట అయింది. లేచి కొంగు దులుపుకుంటే అది దులపబడలేదు, నిలబడింది.

"ఏందే పోరి ఇది? నా కొంగు తలుపు రెక్క లెక్కైంది."

"నీకు చలి పెట్టకుండ చేసిన అవ్వా."

"ఎండకాలంల చలి పెడ్తదా? దా, నీ జడలకు గుడ్క గంజి పెడ్త. రెండు కొమ్ములొస్తయి."

అన్నంత పనీ చేసింది. నా రెండు జడలూ గంజిలో ముంచి పైకి దువ్వి నిలబెట్టింది. సిగ్గు పడాల్సింది పోయి, ఆ కొమ్ములతోనే వాడంతా తిరిగి వచ్చాను. నాయిన మగ్గం ఆపి, "ఎవరింటి మేకరా ఇది, వచ్చి కట్టేస్కోండ్రి" అని వీధిలోకి కేక పెట్టాడు. తన మాటకు తనే కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

గట్టిగా నవ్వే మనిషి మా నాయిన. అది ముందే చెప్పి పెట్టాలి.

ఎండాకాలంలో ఆయన తిండికి లేచినప్పుడు నేను గుంతలోకి దిగేదాన్ని. ఇంట్లో అంతకంటే చల్లని చోటు లేదు. నా గుడ్డ బొమ్మలన్నీ అక్కడే కాపురం ఉండేవి. ఒక రోజు వాటికి బావి కావలసి వచ్చింది. చెంబెడు నీళ్ళు తెచ్చి గుంత అడుగున పోశాను. మట్టి గబగబా తాగేసింది. ఇంకో చెంబు పోశాను. అమ్మ చూసి వీపు మీద ఒకటి వేసింది, గట్టిగా ఏమీ కాదు.

"గుంతకు నీళ్ళ రుసి చూపిస్తరా పోరి? ఒక్కసారి మరిగిందంటే మల్ల మల్ల అడుగుతది."

నవ్వుకుంటూనే అంది. అని లోపలికి పోయింది. ఆమెకు ఆ మాట అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు.

ఆ ఏడు ముసురు పట్టుకుని వదలలేదు. తడి బట్టలు ఆరవు, కట్టెలు అంటుకోవు, గోడలు మెత్తబడ్డాయి. ఒక పొద్దున నాయిన ఎప్పటిలాగే గుంతలో కాలు దించి "అరే" అన్నాడు. ఆ వానాకాలంలో ఆయన గొంతు ఎత్తి అన్న చివరి మాట అదే. గుంతలో మోకాలి లోతు నీళ్ళు ఊరి ఉన్నాయి. కిందికి వేలాడుతున్న పడుగు తడిసి, గంజి విడిచి, పోగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అమ్మా ఆయనా చెంబులతో, గిన్నెలతో తోడిపోశారు. తోడిన కొద్దీ ఊరాయి. తర్వాత పడుగు మీద బూజు పట్టింది.

మగ్గం చప్పుడు ఆగింది. పోగు అతికితే మొదలవుతుందని నేను చూస్తూనే ఉన్నాను. మొదలు కాలేదు. తర్వాత రొట్టె చప్పుడు కూడా తగ్గిపోయింది. రొట్టె పోయి అంబలి వచ్చింది, అంబలి రోజురోజుకూ పలచబడింది.

నాయిన గుంత ఒడ్డున కూర్చునేవాడు. కాళ్ళు నీళ్ళలో, చేతులు ఒళ్ళో. నేసే మనిషి ఎట్లా కూర్చుంటాడో అట్లాగే, నేత లేకుండా. తిట్టలేదు, కొట్టలేదు, తాగలేదు. అంత వరకు ఆయనను మెచ్చుకోవాలి. ఆ వానలకు మగ్గాలు ఆగిన ఇళ్ళల్లో తాగి వచ్చేవాళ్ళున్నారు, పెళ్ళాన్ని వాకిట్లోకి ఈడ్చిన వాళ్ళున్నారు. మా నాయిన ఎవరినీ ఏమీ అనలేదు. కాని ఎవరూ ఏమీ అనని ఇల్లు ఎట్లా ఉంటుందో అందులో ఉన్న పిల్లకే తెలుస్తుంది.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేది. నేను పోతే కొంగుతో ముక్కు తుడుచుకుని "పొగ బిడ్డ" అనేది. ఒక పూట పొయ్యి వెలిగించకుండానే "పొగ" అంది. ఆమె అటు లేచిపోయాక పొయ్యిలో వేలు పెట్టి చూశాను. బూడిద చల్లగా ఉంది.

"నాయినకు ఏమైందమ్మా?"

"ఏం లేదు. పోయి ఆడుకో."

"మగ్గం ఎప్పుడు నేస్తడు?"

"ఏం లేదన్న గద."

నా మంచి కోసమే అట్లా అందని ఇప్పుడు తెలుసు. పిల్ల నెత్తిన బరువు పెట్టగూడదని మోసినంత తనే మోసింది. కాని ఏం లేదంటే పిల్ల ఊరుకోదు కదా. తనకు తెలిసినది ఏదో తెచ్చి ఆ ఖాళీలో పెట్టుకుంటుంది. నాకు తెలిసింది ఒక్కటే. గుంతకు నీళ్ళ రుచి చూపించింది నేను. అందుకే గుంత మళ్ళీ నీళ్ళు అడిగింది. అందుకే నాయిన నాతో మాట్లాడడం లేదు.

నోరు తెరిస్తే ఆ సంగతే బయట పడుతుందని నోరు తెరవడం మానేశాను. మొదట నాయినతో, తర్వాత అందరితో. ఆడుకునే పిల్లలు వాకిట్లోకి వచ్చి పిలిచి పిలిచి పోయేవాళ్ళు. నోరు ఊరుకుంది గాని చేతులు ఊరుకోలేదు. దుప్పటి అంచు పోగులు లాగాను. గౌను అంచు లాగాను. అవి అయ్యాక జుట్టు మీదికి చెయ్యి పోయింది. లాగినప్పుడు చురుక్కుమనేది, ఆ తర్వాత కొంచెం నిమ్మళం. ఇంతకంటే నాకు చెప్పడం రాదు. మొన్న మనవరాలిని అడిగితే అదీ అట్లాగే చెప్పింది. "పీక్తే జర నిమ్మలమైతది నానమ్మా" అంది.

అమ్మ తల దువ్వుతుంటే దువ్వెన ఆగింది. చెవి వెనక రూపాయి బిళ్ళంత బోడి.

"ఇదేందే? పేనుకొరుకుడా?"

అవ్వ వచ్చి చూసింది. ఉల్లిగడ్డ దంచి రుద్దింది. వాడ పిల్లలు నన్ను చూసి ముక్కులు మూసుకున్నారు. అది పని చేయలేదని దర్గాకు తీసుకుపోయింది. అక్కడ ముసలాయన నెమలీకల కట్టతో తల దులిపి, ఏదో చదివి, నల్ల దారంతో తాయత్తు కట్టాడు. ఊదు వాసన నాకు హాయిగా అనిపించింది. అవ్వ చెయ్యి పట్టుకుని తిరిగి వస్తుంటే వానలో ఇద్దరికీ ఒకటే గొంగడి. దారిలో ఆమె నాకు పుట్నాల బెల్లం కొనిచ్చింది. తిన్నాను. మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక తాయత్తు దారాన్ని కూడా పురి విప్పి, పోగులు పోగులుగా ఒళ్ళో పెట్టుకున్నాను. అవ్వ అది చూసింది. ఆ దారపు పీచు అంతా ఏరి అరచేతిలో పెట్టుకుని ముందు అర్రలోకి పోయింది.

"ఇగో, ఇద్దరు చూడుండ్రి" అంది. "ఇది పేనుకొరుకుడు కాదు, దిష్టి కాదు. మీరిద్దరు కల్సి ఇంటిని మూగది చేసిండ్రు. పిల్ల గుడ్క అట్లనే అయింది."

"పిల్లకు ఏం చెప్పాలె అత్తా? తినేందుకు లేదని చెప్పాల్నా?" అంది అమ్మ.

"లేదని దానికి తెల్వదా? ఆ అంబలి తాగేది అది కాదా? ఎందుకు లేదో చెప్పుండ్రి."

నాయిన గుంత ఒడ్డు నుంచి లేవలేదు. "నాకు మాటొస్తలేదమ్మా" అన్నాడు.

"సాకు" అంది అవ్వ. అని లోపలికి పోయింది. కాని ఆ రోజు ఆ మాట కోపంగా అనలేదు. కొడుకు పక్కన తనూ కాసేపు కూర్చోవాలనుకుని, కూర్చోలేక పోయినట్టు పోయింది.

ముసురు విడిచింది. ఎండ రాగానే వాడంతా బట్టలు, పడుగులు, పరుపులు, ముసలివాళ్ళు అందరూ బయట పడ్డారు. గుంతలో నీళ్ళు ఇంకిపోయాయి. బూజు పట్టిన పడుగును నాయిన కోసేశాడు. పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు కొత్త పడుగు పంపించాడు. ఇక దాన్ని అతకాలి.

పడుగు అతకడమంటే, మగ్గంలో మిగిలి ఉన్న పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటిగా కలపడం. ఒకరు వరస తప్పకుండా పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి తీసి అందిస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకుని ఆ రెండింటినీ మెలితిప్పుతారు. వేల పోగులు. కళ్ళు వాలిపోతాయి. మాట ఆగితే కునుకు వస్తుంది, కునుకు వస్తే వరస తప్పుతుంది. అందుకని మా వాడలో మాటలు లేకుండా ఎవరూ పడుగు అతకరు. అతికే ఇంటికి ఇరుగు పొరుగు వచ్చి కూర్చుని, ఊళ్ళో ముచ్చట్లన్నీ చెప్పి పోవడం ఆచారం. ఎవరి మొగుడు అలిగాడో, ఎవరి బర్రె ఈనిందో అన్నీ అక్కడే తెలిసేవి.

ఎప్పుడూ నాయినకు పోగులు అందించేది అమ్మే. ఆ రోజు మాత్రం, "నాకు రొట్టెలు చేసేదుంది, పిల్లను కూసోబెట్టుకో" అంది. పిండి లేదని నాకు తెలుసు. అమ్మ పోయి వాకిట్లో నిలబడి, ముచ్చట చెప్పడానికి వచ్చిన వాళ్ళను వచ్చినట్టే వెనక్కి పంపిందట. ఆ సంగతి చాలా ఏళ్ళకు గాని అవ్వ నాకు చెప్పలేదు.

నాయిన ఎదురుగా కూర్చున్నాను. మధ్యలో పడుగు. "ఇయ్యి" అంటే ఇచ్చేదాన్ని. "ఇంకోటి" అంటే ఇంకోటి. ఆ రెండు మాటలతోనే చాలా దూరం పోయాం. ఉన్నట్టుండి ఆయన వేళ్ళు ఆగాయి. ఒక పాత పోగుకు నేను రెండేసి కొత్త పోగులు ఇస్తూ వచ్చాను. ఎక్కడి నుంచి ఇస్తున్నానో నాకే తెలియదు. అతికినదంతా విప్పాలి.

నాయిన ఒక్కొక్క అతుకూ విప్పడం మొదలుపెట్టాడు. కొన్ని విప్పాక, పోగుల వైపే చూస్తూ అన్నాడు.

"నేను గుడ్క చూస్కోలే బిడ్డ. రెండు పోగులు చేతికొస్తే నాకు తెల్వాలె గద. మనసు ఈడ లేదు."

"యాడుంది?"

ఎన్నాళ్ళకో నా నోట్లో నుంచి వచ్చిన మాట అది. ఎట్లా వచ్చిందో! ఆయన చూపూ నా చూపూ పోగుల మీదే ఉన్నాయి కాబట్టి వచ్చిందనుకుంటాను. ఆయన తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను మళ్ళీ మూసుకుపోయేదాన్ని.

"గుంతల ఉంది" అన్నాడు. "మల్ల నీళ్ళొస్తయేమోనని బుగులైతుంది. పొద్దుగాల లేస్తనే గుంతనే చూస్త. ఎండ గొట్టినా చూస్త."

పెద్దవాళ్ళకు భయం ఉంటుందని నాకు అప్పటి దాకా తెలియదు. అది విన్నాక నా భయం కొంచెం చిన్నదైంది.

"నా మీద కోపమొచ్చిందా నాయినా?"

"నీ మీద ఎందుకొస్తది?"

"నేను గుంతల నీళ్ళు పోసిన. బొమ్మల బాయికి. రుసి చూపిచ్చిన."

ఆయన చేతిలో పోగు జారిపోయింది. మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. అది ఆయన ముఖంలో కనిపించింది. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. అట్లాంటిదేం లేదని కూడా అనలేదు. లేచి, బూడిద చేతులు ధోవతికి తుడుచుకుని, "దా" అన్నాడు. నన్ను ఎత్తి గుంతలో దించాడు. తనూ దిగాడు.

వీధి వైపు ఉన్న గోడకు నా అరచెయ్యి ఆనించి, పైన తన చెయ్యి పెట్టి ఒత్తాడు.

"ఎట్లుంది?"

"సల్లగ. తడిగ."

ఇంటి వైపు గోడకు ఆనించాడు. "ఇది?"

"పొడిగుంది."

"కింద నేల ముట్టు. నువ్వు నీళ్ళు పోసిన కాడ."

ముట్టాను. పొడిగా, గట్టిగా ఉంది.

"చూసినవా? నీళ్ళు నేలల కెల్లి రాలే. నువ్వు పోసిన కాడి కెల్లి రాలే. ఈ గోడ కెల్లి వచ్చినయి."

గోడ అవతల ఏముందో చూపిస్తానని బయటికి తీసుకుపోయాడు. గోడను ఆనుకుని వీధి మురుగు పారే మోరి. కట్టె పెట్టి కెలికితే అందులో నుంచి చిరిగిన చాప, కొబ్బరి పీచు, ఎవరిదో పాత చెప్పు, ఇటుక ముక్కలు వచ్చాయి. "మోరి నిండింది. నీళ్ళకు తొవ్వ లేక మన గోడల దూరినయి. ఈ చాప నువ్వేసినవా?"

"లే."

"ఈ చెప్పు?"

"లే."

"మరి?"

అప్పుడు నవ్వాడు. వీధంతా వినబడేలా, మేకను చూసి నవ్విన నవ్వు. "చెంబెడు నీళ్ళు మన గుంతకు ఒక్క గుక్కకు రావు బిడ్డ. దానికి మా తాత కాలం కెల్లి దూప."

నేను ఏడ్చాను. మోరి పక్కనే నిలబడి, ఆ కంపులో, వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ ఉరికి వచ్చింది. "ఏమైంది, ఏమైంది?" అంటోంది. నాయిన "ఏం" అని మొదలుపెట్టి ఆగాడు. మాట మింగి, "ఉంది. లోపలికి రా, కూసో, చెప్త" అన్నాడు.

చెప్పాడు. విని అమ్మ తన నెత్తి కొట్టుకుంది. "నవ్వులకన్న మాట గింత లోపల పెట్టుకుందా ఇది" అంది. తర్వాత నన్ను ఒళ్ళోకి లాక్కుని, "నేను గుడ్క అబద్ధమాడిన బిడ్డ. పొగ కాదు, ఏడ్సిన" అంది.

"నాకు తెల్సు. పొయ్యి సల్లగుండె" అన్నాను.

అవ్వ పడీ పడీ నవ్వింది. "దీని ముందల దొంగతనం నడ్వది" అంది.

ఆ మరునాడే కష్టం పోయిందని చెప్పను. ఆ అంబలి ఇంకా కొన్నాళ్ళు తాగాం. జుట్టు మీదికి నా చెయ్యి ఆ తర్వాత కూడా పోయేది. బోడి మీద మొదట నూగు వచ్చి, అది జుట్టు అయ్యేసరికి కొత్త పడుగు మీద నేసిన చీర మగ్గం దిగింది. ఉగ్గాని చేశారు. కారం ఎక్కువై అందరం ముక్కులు తుడుచుకుంటూ తిన్నాం. అవ్వ "సాకు" అంటూనే మళ్ళీ పెట్టించుకుంది.

మా నాయిన స్వభావం మారలేదు. బాధ వస్తే ఆయనకు మాట రాదు, అంతే. కాని అప్పటి నుంచి మూగబోయే ముందు ఒక మాట చెప్పేవాడు. "ఇయ్యాల నాకు మాటొస్తలేదు. మీ మీద కాదు." ఆ మాట అన్నాక ఆయన గుంత ఒడ్డున ఎంతసేపు కూర్చున్నా నాకు భయం వేసేది కాదు. పక్కన నా బొమ్మలతో నేనూ కూర్చునేదాన్ని. అమ్మకు మాత్రం "ఏం లేదు" అనే అలవాటు పూర్తిగా పోలేదు. ఆమె అట్లా అన్నప్పుడల్లా అవ్వ లేచి పోయి, పొయ్యిలో వేలు పెట్టి, "సల్లగుంది" అనేది. అమ్మ నవ్వు ఆపుకోలేక ఉన్నదేదో చెప్పేసేది.

తర్వాత అంతకంటే పెద్ద కష్టాలే చూశాం. నాయిన చూపు తగ్గింది. అవ్వ పోయింది. నన్ను రాజోలి పక్క మగ్గాల ఇంటికే ఇచ్చారు. మా ఆయన కూడా నోరు లేని మనిషే. ఆయనకు ఆ మాట నేర్పడానికి నాకు చాలా కాలం పట్టింది. చివరి రోజుల్లో జబ్బుకు నోరు చేదై కంచం పక్కకు నెట్టేవాడు. నెట్టి, "నీ వంట మీద కాదు" అనేవాడు. "వంట మీదైనా ఏం కాదులే, రెండు ముద్దలు తిను" అనేదాన్ని. ఆయన పోయాక మగ్గం నిలిచింది. కొడుకు ఆటో నేర్చుకుని నన్ను నాగర్‌కర్నూల్‌కు తెచ్చుకున్నాడు.

నిన్న ఇక్కడి దాకా చెప్పేసరికి కోడలు రాయడం ఆపి మంచం వైపు చూసింది. నేనూ చూశాను. కొడుకు గోడ వైపు నుంచి ఇటు తిరిగి ఉన్నాడు. ఎప్పుడు తిరిగాడో తెలియదు.

"అమ్మా, తాత నిన్ను నిజంగనే గుంతల దించిండా?"

"దించిండు."

వాడు మోచేతి మీద లేచాడు. తర్వాత, తలుపు పక్కన కూర్చుని ఉన్న పిల్లను పిలిచాడు. "బిడ్డా, ఆ గూట్ల ఎక్స్‌రే కవరుంది. తే."

పిల్ల తెచ్చి ఇచ్చింది. వాడు నల్ల ఫిల్మును తలుపు వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. "ఇగో, ఈడ ఇరిగింది. ఈడ రాడ్డు ఏసిండ్రు. కట్టుకుంటుందన్నడు డాక్టరు. నడుస్త గాని దినాలు పడ్తది. నాకు గుడ్క బుగులైతుంది."

పిల్ల విరిగిన చోట వేలు పెట్టింది. పెట్టి, ఆ వేలి వైపే చూస్తూ అంది. "నేను ఫోన్ చేసిన గద నాయినా. జల్ది రా అన్న గద."

పిల్ల ఆ మాట లోపల పెట్టుకుని ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. కోడలు పెన్ను కింద పెట్టేసింది.

కొడుకు ఎక్స్‌రే దించలేదు. పిల్ల వైపు తిరగలేదు కూడా. ఆ వెలుగు వైపే చూస్తూ చెప్పాడు. "నీ ఫోను పెట్టేసినంక మస్తు దూరం వచ్చిన బిడ్డ. ఆడ మలుపు కాడ రోడ్డు మీద కంకర పోసిండ్రు. చక్రం దాని మీదికెక్కింది. ఆ కంకర నువ్వు పోసినవా?"

"లే."

"కాలు మంచిగైనంక తీస్కపోయి చూపిస్త. మన ఇద్దరమే పోదాం."

పిల్ల ఏడవలేదు. నాలాగా కాదు అది. ఎక్స్‌రేను వాడి చేతిలో నుంచి తీసుకుని, తనే వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తల్లి దగ్గరికి పోయి, "అమ్మా, నీకు గుడ్క ఏమన్న ఉందా?" అని అడిగింది. కోడలు "ఏం" అనబోయింది. నేను పొయ్యి వైపు చూశాను. గ్యాసు పొయ్యి, వేలు పెట్టడానికి బూడిద లేదు. అయినా కోడలికి అర్థమైంది. "ఉంది, దా" అంది.

ఈ ముక్క ఈ పొద్దున చెప్పి రాయించాను. పిల్ల చెయ్యి ఇవాళ కూడా ఒకసారి చెవి వెనక్కి పోయింది. పోనీ. దవాఖానకు మళ్ళీ పోతాం, ఆ డాక్టరమ్మ ఏం చెబితే అది చేస్తాం. మా పెద్దవాళ్ళు ఏం చేస్తారని ఈసారి అడిగితే చెప్పడానికి నాకు మాట ఉంది.

గద్వాల ఇంట్లో ఇప్పుడు వేరే వాళ్ళు ఉంటున్నారు. గుంత పూడ్చి పైన బండలు పరిచారని విన్నాను. మా అమ్మా నాయినా నాకు పెట్టింది ఏముందని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. ఇల్లు లేదు, బంగారం లేదు. కాని ఆ రోజు నా చెయ్యి మీద నాయిన చెయ్యి పెట్టి ఒత్తాడు కదా. ముందు తడి గోడకు, తర్వాత పొడి గోడకు. నా అరచేతికి ఆ రెండూ ఇంకా తెలుసు.